డిగ్రీ చదివాక మెడిసిన్: బీఎస్సీ నుంచి ఎంబీబీఎస్ దాకా నా అనుభవం

బీఎస్సీలో మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, బయోమెడికల్ సైన్స్ లాంటివి చదివి ఎంబీబీఎస్ వైపు చూసేవాళ్లు ముందుగా ఒక్కటి తెలుసుకోవాలి. మన దేశంలో మెడిసిన్‌లోకి లేటరల్ ఎంట్రీ లేదు. డిప్లొమా వాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరినట్టు ఇక్కడ కుదరదు. డిగ్రీలో వచ్చిన మార్కులకు వెయిటేజీ లేదు, చదివిన పేపర్లకు మినహాయింపు లేదు. నిన్న ఇంటర్ పాసైన పిల్లలతో కలిసి అదే నీట్ రాయాలి, అదే ర్యాంకుతో అదే కౌన్సెలింగ్‌కి వెళ్లాలి, మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టాలి. డిగ్రీ పనికొచ్చేది సీటు వచ్చాకే. ఆ దారిలో వెళ్లినదాన్ని కాబట్టి, మనలాంటివాళ్లకే ప్రత్యేకంగా ఎక్కడ తేడా కొడుతుందో వివరంగా రాస్తున్నాను. అందరికీ తెలిసిన సంగతులు పైపైన దాటేస్తాను.

అర్హత దగ్గర పెద్ద చిక్కు లేదు. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండితే చాలు. గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు. ఎన్నిసార్లు రాయాలన్న లెక్క కూడా లేదు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు అర్హత పరీక్ష ఇంటరే, డిగ్రీ కాదు. దరఖాస్తులో 'బీఎస్సీ పాస్' అన్న కోడ్ కూడా కనిపిస్తుంది. పెద్ద చదువు కదా అని దాన్ని నొక్కేస్తారు కొందరు. అది వేరే దారిలో అర్హత చూపించుకునేవాళ్ల కోసం పెట్టింది. బైపీసీ మెమో చేతిలో ఉంటే ఇంటర్‌కి వర్తించే కోడే ఎంచుకోండి, ఎందుకంటే తర్వాత కౌన్సెలింగ్‌లో అడిగేది ఆ మెమోనే. ఇంటర్‌లో ఎంపీసీ చదివి డిగ్రీలో బయోటెక్నాలజీకి మారినవాళ్లకు 2023 నవంబరు దాకా తలుపు మూసే ఉండేది. ఇంటర్ అయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా సరిపోతుందని నేషనల్ మెడికల్ కమిషన్ అప్పుడు నోటీసు ఇచ్చింది.

ఇంట్లో అందరూ అడిగేది ఏళ్ల లెక్క. డిగ్రీ అయ్యేసరికి 21, లాంగ్‌టర్మ్ (నీట్ కోసం ఏడాది పాటు తీసుకునే కోచింగ్) ఒక ఏడాది అనుకుంటే 22, ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఏడాది కలిపితే 27 దాటి 28. పీజీ మూడేళ్లు. అంటే స్పెషలిస్టుగా బయటకు వచ్చేసరికి 31, ఇంకో నీట్ పీజీ ప్రయత్నం పడితే 32. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి వచ్చిన సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతిలో నాలుగో ఏడాది ఆనర్స్ కూడా చేస్తే దీనికి ఇంకో ఏడాది కలపాలి. మెడిసిన్ మీద నిర్ణయం గట్టిగా ఉన్నవాళ్లు మూడేళ్లకే డిగ్రీ తీసుకుని బయటపడటం మేలని నా అభిప్రాయం. నాలుగో ఏడాది చదువు నీట్‌లో ఒక్క మార్కు కూడా తెచ్చిపెట్టదు.

ఇక పరీక్ష. 2025 నుంచి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. రైటుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. 2021 నుంచి 2024 దాకా ఉన్న చాయిస్ ప్రశ్నలు, 2022 నుంచి 2024 దాకా ఇచ్చిన అదనపు 20 నిమిషాలు ఇప్పుడు లేవు. పాత గ్రాండ్ టెస్టుల పేపర్లతో ప్రాక్టీస్ చేసేవాళ్లు ఇది గమనించుకోవాలి.

బయాలజీ మనకు వచ్చేసినట్టే అనుకుంటాం. అక్కడే ముందు దెబ్బ తగులుతుంది. నీట్ కీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని బట్టి ఉంటుంది, డిగ్రీ పుస్తకాన్ని బట్టి కాదు. ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందితే ఎన్ని ఏటీపీలు? డిగ్రీ బయోకెమిస్ట్రీలో ఎన్ఏడీహెచ్‌కి రెండున్నర, ఎఫ్ఏడీహెచ్2కి ఒకటిన్నర చొప్పున లెక్కేసి 30 లేదా 32 అని రాస్తాం. ఎన్‌సీఈఆర్‌టీలో ఒకదానికి 3, ఇంకోదానికి 2, మొత్తం 38. డీఎన్ఏ మెలికలో ఒక్క చుట్టుకు ఎన్ని క్షార జతలు? డిగ్రీలో పదిన్నర. ఎన్‌సీఈఆర్‌టీలో సుమారు 10, చుట్టు పొడవు 3.4 నానోమీటర్లు, రెండు జతల మధ్య దూరం 0.34. ఈ 0.34ని బట్టే క్షీరద కణంలోని 6.6 వందల కోట్ల జతల డీఎన్ఏ పొడవు 2.2 మీటర్లని లెక్క కట్టిస్తారు. ఆప్షన్లలో రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటే మనసు డిగ్రీ అంకె మీదికే పోతుంది. ఎక్కువ తెలిసినవాడు 'ఇది అన్ని సందర్భాల్లోనూ నిజం కాదు కదా' అని ఆగిపోతాడు, తక్కువ తెలిసినవాడు పుస్తకంలోని వాక్యాన్ని గుర్తుపట్టి దిద్దేసి ముందుకు పోతాడు. అందుకే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల బయాలజీని వాక్యం వాక్యం, బొమ్మల కింద రాసిన పేర్లతో సహా చదవాలి. డిగ్రీలో నేర్చుకున్నదానికి తేడా వచ్చిన చోటల్లా మార్జిన్‌లో గీత పెట్టుకుంటూ పోతే, పరీక్ష ముందు వారం తిరగేయడానికి ఆ గీతలే చాలు.

వృక్షశాస్త్రం సంగతి వేరు. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ వాళ్లు ఇంటర్ తర్వాత మొక్క మొహం చూసి ఉండరు. పుష్ప విన్యాసాలు, అండన్యాసాలు, కాండం అడ్డుకోత, జీవావరణం ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి. జంతుశాస్త్రంలో వర్గీకరణ, ఉదాహరణల పేర్లు కూడా అంతే. నిజం చెప్పాలంటే డిగ్రీ వల్ల గట్టిగా కలిసొచ్చేది జన్యుశాస్త్రం, కణశాస్త్రం, బయోటెక్నాలజీ, రోగనిరోధకత అధ్యాయాల్లోనే.

సిలబస్‌ను 2024 పరీక్ష నుంచి మార్చారు. బయాలజీలో జీర్ణక్రియ, మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, పర్యావరణ సమస్యలు పోయాయి. కెమిస్ట్రీలో ఘనస్థితి, ఉపరితల రసాయనం, లోహశాస్త్రం, పాలిమర్లు, ఎస్-బ్లాక్ పోయాయి. అయితే తీసేసినవి చూసుకుని సంబరపడితే చాలదు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుంటే పోయిన అధ్యాయాలు కూడా చదువుతూ కూర్చుంటారు. కొత్త ముద్రణ ఒక్కటే కొనుక్కుంటే ఇంకో రకం నష్టం. పీ-బ్లాక్‌లో 15 నుంచి 18 గ్రూపులు కొత్త పన్నెండో తరగతి పుస్తకంలో లేవు, నీట్ సిలబస్‌లో మాత్రం ఉన్నాయి. మొక్కల కుటుంబాలూ అంతే: సిలబస్‌లో మాల్వేసి, క్రూసిఫెరె, లెగ్యుమినోసి, కంపోజిటె, గ్రామినె అని రాసి ఉంటుంది, కొత్త పుస్తకంలో కనిపించేది సొలనేసి. ఫిజిక్స్‌లో వెర్నియర్, స్క్రూగేజ్ లాంటి ప్రయోగ నైపుణ్యాల యూనిట్, కెమిస్ట్రీలో ప్రాక్టికల్ సూత్రాల యూనిట్ కొత్తగా చేరాయి. కమిషన్ వెబ్‌సైట్‌లోని సిలబస్ కాగితాన్ని ప్రింట్ తీసి గోడకు అంటించుకోండి. కొత్త పుస్తకం చేతిలో ఉంచుకుని, అందులో లేని వాటికి మాత్రమే పాతది కొనండి.

అసలు కొండ ఫిజిక్స్. డిగ్రీ మూడేళ్లూ ఫిజిక్స్ ముట్టనివాళ్లకు 180 మార్కులు గాల్లో ఉన్నట్టే. చేసే పొరపాటు ఏమిటంటే దాన్ని బయాలజీలాగా చదవడం: పాఠం చదివి, నోట్స్ రాసి, రంగు పెన్నుతో గీతలు గీసి, లెక్కలు రేపటికి వాయిదా వేయడం. రెండో చిక్కు క్యాలిక్యులేటర్. డిగ్రీ ల్యాబులో మొలారిటీ కట్టినా, ఆబ్జార్బెన్స్ గ్రాఫు గీసినా క్యాలిక్యులేటర్ పక్కనే ఉండేది. నీట్‌లో ఉండదు. అక్కడ ఘాతాంకాలు, భిన్నాలు, వర్గమూలాలు చేత్తోనే కట్టాలి.

ఉదాహరణకు ఫొటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ లెక్క తీసుకోండి. 400 నానోమీటర్ల కాంతి 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల పని ప్రమేయం ఉన్న లోహం మీద పడింది, ఎలక్ట్రాన్ గరిష్ఠ గతిజశక్తి ఎంత? ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం, పది పవర్ మైనస్‌లు అన్నీ రాసుకుంటూ వెళితే రెండు నిమిషాలు పడుతుంది, మధ్యలో ఎక్కడో పవర్ జారిపోతుంది. ఆ రెండు స్థిరాంకాల లబ్ధం సుమారు 1240 ఎలక్ట్రాన్ వోల్ట్-నానోమీటర్లు అని గుర్తుంటే 1240ని 400తో భాగిస్తే 3.1, అందులోంచి 2.1 తీసేస్తే 1. ఇరవై సెకన్ల పని. ఇలాంటి అడ్డదారులు ప్రతి అధ్యాయంలోనూ ఉంటాయి. లాంగ్‌టర్మ్ క్లాసుల్లో డబ్బుకు తగ్గ విలువ ఉందంటే అది ఇక్కడే. ఆధునిక భౌతికశాస్త్రం, సెమీకండక్టర్లు, కరెంటు, కిరణ దృశాశాస్త్రం, ప్రమాణాలు-మితులు, ఉష్ణగతికశాస్త్రం ముందు పట్టుకోవాలి. తక్కువ గణితంతో ఎక్కువ మార్కులు వచ్చేవి ఇవే. భ్రమణ గతిశాస్త్రం చివరికి పెట్టుకున్నా మునిగిపోయేదేమీ లేదు.

కెమిస్ట్రీలో ఆర్గానిక్ కొంత గుర్తుంటుంది. మోల్ భావన, అయానిక్ సమతాస్థితి, విద్యుత్ రసాయనశాస్త్రం లెక్కలు మాత్రం రోజూ పది పదిహేను చేస్తే తప్ప చేతికి రావు. ఇనార్గానిక్ అంతా కంఠస్థమే, వేరే మందు లేదు.

టార్గెట్ ఎలా వేసుకోవాలో చూద్దాం. బయాలజీలో 85 రైటు, 5 తప్పు అయితే 335. కెమిస్ట్రీలో 35 రైటు, 5 తప్పు అయితే 135. ఫిజిక్స్‌లో 25 రైటు, 8 తప్పు అయితే 92. మొత్తం 562. డిగ్రీ చేసి వచ్చినవాళ్లకు ఏడాదిలో అందే రూపం ఇది. ఇందులో ఫిజిక్స్ పెంచే కొద్దీ ర్యాంకు కదులుతుంది, బయాలజీలో ఇంకో ఐదు మార్కుల కోసం కొట్టుకుంటే కదిలేది తక్కువ. గుడ్డిగా దిద్దడం గురించి కూడా ఒక లెక్క ఉంది. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా దిద్దితే సగటున ప్రశ్నకు పావు మార్కు వస్తుంది, అంటే రిస్కుకు తగ్గ ఫలితం కాదు. రెండు ఆప్షన్లు తప్పని తేల్చేస్తే సగటు ఒకటిన్నర. ఒక్కటే తేల్చగలిగితే ముప్పావు కంటే తక్కువ. రెండు కొట్టేయగలిగిన ప్రశ్నలు దిద్దండి, మిగతావి వదిలేయండి.

మార్కులను పాత ఏళ్లతో పోల్చుకోవద్దు. 2024లో ఫలితాలు సవరించాక కూడా 17 మందికి 720కి 720 ఉన్నాయి. 2025లో దేశం మొత్తం మీద అత్యధికం 686. జనరల్ అర్హత మార్కు 2024లో 162, 2025లో 144. ఒక ఏడాది మామూలుగా కనిపించిన స్కోరు మరో ఏడాది ప్రభుత్వ సీటు తెస్తుంది. చూడాల్సింది ర్యాంకు. పైగా అర్హత మార్కు దాటడం వేరు, సీటు రావడం వేరు. 2025లో పరీక్ష రాసినవాళ్లే 22 లక్షల పైచిలుకు.

కోచింగ్ సంగతి. విజయవాడ చుట్టూ ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, పోరంకి వైపు, గుంటూరులో బ్రాడీపేట, లక్ష్మీపురం వైపు లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లు నడుస్తాయి. హాస్టల్‌తో కలిపితే లక్ష దాటుతుంది. చేరేముందు మూడు అడగండి. డిగ్రీ చేసినవాళ్లకు ఫిజిక్స్ పునాది క్లాసులు విడిగా ఉన్నాయా? డే స్కాలర్‌గా తీసుకుంటారా? వారం పరీక్ష తర్వాత తప్పుల మీద కూర్చోబెట్టి చెప్పే లెక్చరర్ ఎవరు? మూడో ప్రశ్నకు సూటిగా సమాధానం రాకపోతే అక్కడ జరిగేది పరీక్షలు పెట్టడమే, చదువు చెప్పడం కాదు. హాస్టల్లో ఫోన్ ఇవ్వరు, వార్డెన్ తెల్లవారుజామునే లేపుతాడు, పక్క మంచం పిల్ల మనల్ని 'అక్కా' అని పిలుస్తుంది. మూడేళ్లు స్వేచ్ఛగా ఉన్నవాళ్లకు అది ఇబ్బందే. ఇంట్లో చదువుకోగల వీలుంటే డే స్కాలర్‌గా క్లాసులు, గ్రాండ్ టెస్టులు మాత్రం తీసుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

దరఖాస్తులు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో తెరుస్తారు. 2025లో ఫీజు జనరల్‌కి 1700, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌కి 1600, ఎస్సీ, ఎస్టీలకు 1000. మనవాళ్లకు వచ్చే అసలు సమస్య పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో ఒక్క పొడి అక్షరంగా, కొన్నిసార్లు చివర్లో ఉంటుంది. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఇంకో రకం. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ను డిసెంబరులోపే సరిచేయించుకోండి, నోటిఫికేషన్ వచ్చాక ఆధార్ సెంటర్ల దగ్గర క్యూ చూస్తే కళ్లు తిరుగుతాయి. భాష దగ్గర తెలుగు కూడా ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లో తెలుగు-ఇంగ్లిష్ బుక్‌లెట్ ఇస్తారు. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది. డిగ్రీ ఇంగ్లిష్‌లో చదివినవాళ్లు ఇంగ్లిషే పెట్టుకోవడం తేలిక.

పరీక్ష ఈ మధ్య మే మొదటి ఆదివారం నాడు జరుగుతూ వచ్చింది, 2025లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. గేటు ఒకటిన్నరకు మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా తీయరు. విజయవాడ ఎండలో అది మామూలు విషయం కాదు. పొట్టి చేతుల పలుచని బట్టలు, చెప్పులు, పారదర్శకమైన నీళ్ల సీసా, ఫొటో అంటించిన అడ్మిట్ కార్డు, పోస్ట్‌కార్డు సైజు ఫొటో, హాజరు పట్టీ మీద అంటించడానికి ఇంకో పాస్‌పోర్టు ఫొటో, ఒరిజినల్ గుర్తింపు కార్డు చాలు. పెన్ను వాళ్లే ఇస్తారు. బుక్‌లెట్ మీది కోడ్, ఓఎంఆర్ మీది కోడ్ ఒకటేనా అని చూసుకోకుండా మొదలుపెట్టొద్దు. బయాలజీ 45 నుంచి 50 నిమిషాల్లో, కెమిస్ట్రీ 45లో ముగిస్తే ఫిజిక్స్‌కి 85 నుంచి 90 దాకా మిగులుతాయి. ప్రతి సబ్జెక్టు అవగానే వృత్తాలు దిద్దేయండి, చివర్లో అన్నీ కలిపి దిద్దుదామనుకుంటే ఒక వరుస జరిగి కింద ఇరవై ప్రశ్నలు పాడవుతాయి. బుక్‌లెట్ మనకే ఇస్తారు, ఓఎంఆర్ మొత్తం తిరిగి ఇచ్చేయాలి. కీ వచ్చాక అభ్యంతరం చెప్పాలంటే ప్రశ్నకు 200 రూపాయలు.

కౌన్సెలింగ్ రెండు దారుల్లో సాగుతుంది, రెండింటికీ విడివిడిగా రిజిస్టర్ కావాలి. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం ఆలిండియా కోటా, ఎయిమ్స్, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లు ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) నింపుతుంది. మంగళగిరి ఎయిమ్స్ మన పక్కనే ఉన్నా అక్కడ స్థానికులకు కోటా ఏమీ లేదు, అన్ని సీట్లూ ఎంసీసీ ద్వారానే. ఆలిండియా కోటాకు రిజిస్ట్రేషన్ జనరల్‌కి 1000, రిజర్వుడు వర్గాలకు 500, డిపాజిట్ 10,000 లేదా 5,000. డీమ్డ్ పెట్టుకుంటే డిపాజిట్ రెండు లక్షలు. మొదటి రౌండులో సీటు వచ్చి చేరకపోయినా నష్టం లేదు. రెండో రౌండులో చేరకపోతే డిపాజిట్ పోతుంది.

మిగిలిన 85 శాతం రాష్ట్ర సీట్లు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నింపుతుంది. 1986లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్‌గా, 2024లో తిరిగి ఎన్టీఆర్‌గా మారింది, పాత కాగితాల్లో రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడొద్దు. అంతా ఆన్‌లైనే: రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల అప్‌లోడ్, ప్రొవిజినల్ మెరిట్ జాబితా, అభ్యంతరాలు, తుది జాబితా, వెబ్ ఆప్షన్లు, కేటాయింపు. ప్రొవిజినల్ జాబితాలో మీ కేటగిరీ, లోకల్ ఏరియా రెండూ సరిగ్గా పడ్డాయో లేదో అదే రోజు చూసుకోండి. తుది జాబితా వచ్చాక అది మారదు.

లోకల్ అంటే ఏమిటో డిగ్రీ వాళ్లు ఎక్కువగా తికమక పడతారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే లెక్క. మన అర్హత పరీక్ష ఇంటర్ కాబట్టి తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు చూస్తారు. డిగ్రీ బెంగళూరులో చేసినా ఢిల్లీలో చేసినా లోకల్ పోదు. ఈ నాలుగేళ్లూ ఒకే ఏరియాలో లేకపోతే ఏడేళ్లు తీసుకుని, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి లోకల్ అంటారు. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడిగేది అందుకే. విజయవాడ, గుంటూరు ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా కిందికి వస్తాయి. ఇంటర్‌కి హైదరాబాద్ వెళ్లినవాళ్లు ఆరు నుంచి పది దాకా ఇక్కడి సర్టిఫికెట్లు పక్కాగా పెట్టుకోవాలి. చదివిన ప్రైవేటు స్కూలు మూతపడి ఉంటే రికార్డుల కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు వెళ్లండి. ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు, లాంగ్‌టర్మ్ నడుస్తుండగానే దసరా సెలవుల్లో మొదలుపెట్టండి.

టీసీ ఇంకో ముడి. ఇంటర్ టీసీ డిగ్రీలో చేరేటప్పుడు కాలేజీకి ఇచ్చేసి ఉంటాం. ఇప్పుడు కావాల్సింది చివరగా చదివిన కాలేజీ టీసీ. ఖాళీగా ఉండటం ఎందుకని ఎమ్మెస్సీలో చేరితే టీసీ అక్కడికి వెళ్లిపోతుంది, సీటు వచ్చిన రోజు దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి రిపోర్టింగ్ గడువు సరిపోకపోవచ్చు. నాగార్జున యూనివర్సిటీ కిందివాళ్లయినా కృష్ణా యూనివర్సిటీ కిందివాళ్లయినా ప్రొవిజినల్, మైగ్రేషన్ సర్టిఫికెట్లు కూడా తీసి ఫైల్లో పెట్టుకోండి. బీసీ వాళ్లు ఇంకోటి మర్చిపోతారు: రాష్ట్ర కుల ధ్రువీకరణ పత్రం ఎంసీసీకి పనికిరాదు. అక్కడ కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి, కులం కేంద్ర జాబితాలో ఉండాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది, కాబట్టి ఏప్రిల్ దాటాక కొత్తది తీసుకోండి.

ఆప్షన్లు పెట్టేటప్పుడు గుంటూరు మెడికల్ కాలేజీ, విజయవాడ సిద్ధార్థ రెండింటిలో ఏది ముందు అని బుర్ర బద్దలు కొట్టుకుంటారు. గుంటూరు 1946 నాటిది, ప్రభుత్వాసుపత్రి పెద్దది, కేసులు ఎక్కువ. సిద్ధార్థ 1980లో ప్రైవేటుగా మొదలై తర్వాత ప్రభుత్వంలోకి వచ్చింది. ఇంటికి దగ్గరది ముందు పెట్టినా పోయేదేమీ లేదు. అయితే 2023లో మొదలైన మచిలీపట్నం, ఏలూరు కాలేజీలను అసలు పెట్టకుండా వదిలేయడం మాత్రం తప్పు. ఎంత కింద పెట్టినా ఫర్వాలేదు గానీ, జాబితాలో ఉండాలి. ఆ కొత్త కాలేజీల్లో సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు కూడా ఉన్నాయి, వాటి ఫీజు లక్షల్లో. ఆప్షన్ కోడ్ చూసి పెట్టండి.

ప్రైవేటు కాలేజీల్లో సీట్లు ఏ కేటగిరీ (కన్వీనర్ కోటా) 50 శాతం, బీ (మేనేజ్‌మెంట్ కోటా) 35, సీ (ఎన్ఆర్ఐ కోటా) 15. 2020లో ప్రభుత్వం ఏడాదికి ఏ కేటగిరీ 15 వేలు, బీ 12 లక్షలు, సీ 36 లక్షలుగా నిర్ణయించింది, ఆ తర్వాత పెరుగుతూ వచ్చాయి. బీ కేటగిరీలో చేరాలంటే ఐదేళ్ల ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో చేరకముందే రాసుకోవాలి. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. వాయిదాలు చదువయ్యాక ఏడాదికి మొదలైనా వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పడుతుంది.

డిగ్రీ వాళ్లకు మాత్రమే తగిలే దెబ్బ స్కాలర్‌షిప్. ఒక స్థాయి చదువు పూర్తిచేసి అదే స్థాయిలో ఇంకో కోర్సు చదివితే ఇవ్వకూడదని కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఉంది. డిగ్రీకి రీయింబర్స్‌మెంట్ తీసుకున్నవాళ్లు ఎంబీబీఎస్‌కి మళ్లీ వస్తుందని లెక్కలో రాసుకోవద్దు. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని, కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌ని ముందే అడిగి తేల్చుకోండి. వచ్చిందా సంతోషం, రాకపోయినా ఇల్లు గుల్ల కాకూడదు.

సీటు రాకపోతే ఏం చేయాలన్నది మే నెలలోనే తేల్చుకోవాలి. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్‌కి దరఖాస్తు పెట్టి ఉంచండి. ఆయుష్ సీట్లు కూడా నీట్ ర్యాంకుతోనే: విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, గుడివాడలో గురురాజు ప్రభుత్వ హోమియో కళాశాల ఉన్నాయి. విదేశాల్లో ఎంబీబీఎస్ అంటూ ఏజెంట్లు ఫోన్లు చేస్తారు. నీట్ అర్హత ఉండాలి, కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లిష్‌లో ఉండాలి, ఇంటర్న్‌షిప్ 12 నెలలు అదే సంస్థలో చేయాలి, తిరిగొచ్చాక ఇక్కడ అర్హత పరీక్ష పాసై మరో 12 నెలలు చేయాలి. ఈ నాలుగింటిలో ఏది అడిగినా ఏజెంటు మాట మారుస్తుంటే ఫోన్ పెట్టేయండి.

సీటు వచ్చాక మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. బయోకెమిస్ట్రీ చాలావరకు తెలిసిందే, రెండో ఏడాది మైక్రోబయాలజీ కూడా అంతే. గ్రామ్ స్టెయిన్ చేసిన చేతికి, పైపెట్ పట్టిన చేతికి ల్యాబులో బెరుకు ఉండదు. పక్కవాళ్లు మెటబాలిజం దారులు బట్టీ కొడుతుంటే మీకు టైమ్ మిగులుతుంది. ఆ టైమంతా అనాటమీకి పెట్టండి. డిసెక్షన్ హాల్లో మీరూ వాళ్లూ ఒకటే, అక్కడ డిగ్రీ అక్కరకు రాదు. తెలిసిన పాఠమే కదా అని బయోకెమిస్ట్రీ క్లాసు మానేయడం డిగ్రీ వాళ్లకు ఉండే జబ్బు. థియరీకి 75, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు, మొదటి ఏడాది గట్టెక్కడానికి నాలుగు ప్రయత్నాలకు మించి ఇవ్వరు. రెండో ఏడాదికి వచ్చాక భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల స్వల్పకాలిక పరిశోధన పథకం ఉంటుంది, దానికి ప్రతిపాదన రాయడం డిగ్రీ ప్రాజెక్టు చేసినవాళ్లకు తేలిక. గైడ్‌గా ఒప్పుకునే ప్రొఫెసర్‌ని మాత్రం నోటిఫికేషన్ రాకముందే చూసుకోండి.